ఒక్కసారే పిలవాలి

“ఇవాళ కాకపోతే రేపు, ఇది ఎవరినో ఒకరిని మంచాన పడేస్తుంది. అప్పుడు నేను చెప్పలేదనకండి,” అన్నాను మా ఆయనతో.

అప్పటికింకా ఏమీ జరగలేదు. తొలి వాన కూడా పడలేదు. మా కుక్క గుమ్మానికి అడ్డంగా పడుకుని, కుట్టుపని ఇవ్వడానికి వచ్చినావిడ చెప్పుల్ని వాసన చూస్తోంది. ఎవరొచ్చినా ముందు చెప్పులు తనిఖీ చేస్తే గానీ లోపలికి వదలదు. అందుకే మా అమ్మాయి దానికి గుమాస్తా అని పేరు పెట్టింది.

మా ఆయన బస్సు డ్రైవరు. రోజంతా హారన్ మోగించి వస్తారు కనుక ఇంట్లో చప్పుడు చెయ్యరు. ఆ రోజు మాత్రం పేపరు మడిచి పక్కన పెట్టి, “గ్యాసు పేలుతుందన్నావు, పేలలేదు. లిఫ్టు తెగుతుందన్నావు, తెగలేదు. పాపం, ఇక ఈ కుక్క ఒక్కదాని మీదే ఆశ పెట్టుకున్నట్టున్నావు,” అన్నారు.

నవ్వేవాళ్ళు నవ్వచ్చు. నేను భయపడినవాటిలో వంద జరగలేదు. నూటొకటోది జరిగింది.

వానలు మొదలైన వారానికి లిఫ్టు చెడిపోయింది. మాది నాలుగో అంతస్తు. మధ్యాహ్నం ఎవరో తలుపు తీసి సరిగ్గా వెయ్యలేదు, గుమాస్తా మెట్ల మీదకి జారుకుంది. కింది మలుపులో మూడో అంతస్తు అమ్మాయి గొడుగు విదిలించుకుంటూ పైకొస్తోంది. బేకరీలో పని చేస్తుంది. కేకుల మీద చక్కెర పూలు వెయ్యడంలో ఆ చేతికి పేరుంది. ఆ పిల్లకి కుక్కంటే ప్రాణభయం. గుమాస్తా తోక ఊపుతూ రెండు మెట్లు దిగింది, చెప్పులు చూద్దామని.

నేను పైనుంచి అరిచాను. “రా! రా! గుమాస్తా, రా! రారారా!”

అది నా వంక ఒకసారి చూసి, ఇంకా నాలుగు మెట్లు గబగబా దిగింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి పరిగెత్తింది. తడిమెట్లు. నేను వెళ్ళేసరికి గోడకి ఆనుకుని కూర్చుని, కుడి మణికట్టుని ఎడమ చేత్తో పట్టుకుని ఉంది. ఏడవలేదు. “విరిగిందక్కా,” అంది మామూలుగా, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

కుక్క కరవలేదు, కనీసం మొరగలేదు. కానీ ఆరు వారాల కట్టు పడింది. పూలు వేసే చెయ్యి.

మూడో రోజుకి లిఫ్టు బాగైంది, దాని తలుపు మీద నోటీసు. ‘నాలుగో అంతస్తు కుక్కను నెలాఖరులోగా తొలగించవలెను. మిగిలిన కుక్కల విషయం తదుపరి పరిశీలించబడును.’ కింద అసోసియేషన్ సెక్రటరీ సంతకం, స్టాంపు. ఆ స్టాంపు ఆయన సొంత ఖర్చుతో చేయించుకున్నది. పూర్వం సర్వే శాఖలో పనిచేశారట. ఇప్పటికీ మెట్లు దిగుతూ అడుగులు లెక్కపెడుతున్నట్టే ఉంటారు.

మా అమ్మాయి జంతువుల ఆసుపత్రిలో సహాయకురాలు. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేముందు వెనక పెరట్లో ఇరుగుపొరుగు కుక్కలకి పాఠాలు చెబుతుంది. సంగీతం టీచరమ్మ తెల్లకుక్క, డెంటిస్టు గారి పొట్టికాళ్ళది, ఇంకో మూడు. కూర్చోమంటే కూర్చోవడం, పొమ్మంటే పోవడం. వాటి యజమానులు వాటికంటే మొద్దులని మా అమ్మాయి అనేది. నోటీసు పడిన మర్నాడు పెరట్లో పిట్ట లేదు. టీచరమ్మ లిఫ్టులో నన్ను చూసీ చూడనట్టు గొడుగు వంకీ సరిచేసుకుంది. ‘తదుపరి పరిశీలించబడును’ అన్న మాట అంత పని చేసింది.

ఇక నా సంగతి. నిజం చెప్పాలంటే ఆ నోటీసు చూసి నాకు గుండె తేలికపడింది. పోనీ, ఇలాగైనా పీడ విరగడవుతుందని. సెక్రటరీ గారు ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చే వరకూ అలాగే అనుకున్నాను.

మా అమ్మాయి లేని వేళ చూసి వచ్చారు. కుక్క ఆయన చెప్పులు చూసి, తృప్తి పడి, మంచం కిందకి వెళ్ళింది.

“చూడమ్మా, మీ అమ్మాయి వయసులో ఉంది, మొండికేస్తుంది. మీరు పెద్దవారు. శుక్రవారం పదకొండింటికి బండి పంపిస్తాను. ఊరవతల దింపేస్తారు. మీరు ఇక్కడో సంతకం పెడితే చాలు. అమ్మాయి వచ్చేసరికి అంతా అయిపోతుంది.”

“తాడు తెంపుకుని పోయిందని చెప్పమంటారా?”

“మీ ఇష్టం, ఏదో ఒకటి చెప్పుకోండి.” చిన్నగా నవ్వారు. “మీకూ భయమేగా దానంటే. భవనంలో అందరికీ తెలుసు. మీకు భయం లేనిదేముంది చెప్పండి?”

కాగితం ముందుకి తోశారు. నా పేరు అప్పటికే రాసి ఉంది.

నాకు నిజంగానే భయం. పిడుగంటే భయం, ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, స్టాంపున్న కాగితమన్నా భయమే. కానీ ఇన్నేళ్ళుగా నా భయాలన్నీ నేనే మోసుకున్నాను. ఒక్కరి నెత్తిన కూడా బరువు పెట్టలేదు. వాటిని ఇంకొకాయన వచ్చి తన పనికి వాడుకుంటానంటే ఒళ్ళు మండింది.

“కాగితం ఉంచి వెళ్ళండి,” అన్నాను.

ఆయన వెళ్ళాక చూశాను. మంచి మందం కాగితం. ఆ వేళ ఒక చొక్కాకి కాలరు కత్తిరించాలి, నమూనాకి అట్ట దొరకడం లేదు. సుద్దతో గీసి, నీటుగా కత్తిరించాను. మర్నాడు ఆయన సంతకం కోసం మనిషిని పంపితే, కాలరు ఆకారంలో ఉన్న కాగితాన్ని ఇచ్చి పంపాను. నా పేరు సరిగ్గా మెడ వెనక భాగంలో పడింది.

సాయంత్రం సంగతి విని మా అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. “అమ్మా, నీకు జ్వరంగానీ ఉందా?”

ఆదివారం అసోసియేషన్ మీటింగులో మా అమ్మాయే లేచి మాట్లాడింది. “పరీక్ష పెట్టండి. మెట్ల మీద మనిషి ఎదురైతే కదలకుండా కూర్చోవాలి. లిఫ్టు తలుపు తెరుచుకున్నా చెప్పేదాకా ఎక్కకూడదు. పక్కన గొడుగు తెరిచినా, గిన్నె పడినా గోల చెయ్యకూడదు. పెరటి ఆ చివర నుంచి పిలిస్తే రావాలి. నాలుగింట్లో ఒక్కటి తప్పినా నేనే తీసుకెళ్ళిపోతాను.”

సెక్రటరీ గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. “బాగుంది. కానీ తాడు నువ్వు పట్టుకోకూడదు. నువ్వు ఈ విద్య నేర్చినదానివి, నీ మాట వింటే వింతేముంది? పగలంతా దానితో ఇంట్లో ఉండేది మీ అమ్మ. మెట్ల మీద జరిగినప్పుడు ఉన్నదీ ఆవిడే. ఆవిడ పట్టుకోవాలి.”

హాల్లో అందరూ నవ్వారు. టీచరమ్మ కూడా. మా ఆయన నేల చూశారు. సెక్రటరీ గారు అన్నదాంట్లో న్యాయం ఉంది, అదే నాకు మరీ మంట.

“పట్టుకుంటాను,” అన్నాను. నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది. “రెండు వారాలు గడువివ్వండి.”

మర్నాడు పొద్దున పెరట్లో నేనూ కుక్కా ఎదురెదురుగా నిలబడ్డాం. నా చేతిలో ఉడికించిన కోడిముక్కల డబ్బా. మా అమ్మాయి గోడ మీద కూర్చుంది.

“పిలు.”

“గుమాస్తా, రా!”

గుమాస్తా చెవులు వెనక్కి వాల్చి, నీళ్ళ డ్రమ్ము వెనక్కి వెళ్ళి దాక్కుంది.

“రా! రారా తల్లీ! రా అంటుంటే!”

తోక కూడా డ్రమ్ము వెనక్కి లాక్కుంది.

మా అమ్మాయి డ్రమ్ము వంక, నా వంక మార్చి మార్చి చూసింది. తర్వాత గోడ దిగి వచ్చి అడిగింది. “అమ్మా, ఇంట్లో దీన్ని ‘రా’ అని ఎప్పుడెప్పుడు పిలుస్తావు?”

ఆలోచించాను. స్నానం చేయించడానికి. ఎవరైనా వస్తే బాల్కనీలో కట్టెయ్యడానికి. గోళ్ళు కత్తిరించడానికి. చెప్పు కొరికితే చివాట్లు పెట్టడానికి.

“మంచిదానికి ఒక్కసారైనా పిలిచావా?”

“మంచిదానికి పిలవడమెందుకే? అన్నం పెడితే అదే వస్తుందిగా.”

“అయితే దానికి ఆ మాటకి అర్థం ‘పారిపో’ అని. నువ్వే నేర్పావు, బాగా నేర్పావు.” ఇంకేదో అనబోయి ఆగింది. “ఆ రోజు మెట్ల మీద నువ్వు ఏమని పిలిచావు?”

డబ్బా మూత పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను. మా అమ్మాయి రెట్టించలేదు. “చెడిపోయిన మాట బాగుపడదు. కొత్తది వెతుకుదాం. నువ్వెప్పుడూ తిట్టడానికి వాడని మాట ఒకటి చెప్పు,” అంది.

ఒక మాట కోసం పొద్దంతా వెతికాను. ‘దా’ స్నానానికి వాడాను. ‘ఇలా’ మందు మింగించడానికి. ‘బంగారం’ అంటే సూదిమందని దానికి తెలుసు. ఇంట్లో ఉన్న ముద్దుమాటలన్నీ ఏదో ఒక మోసానికి ఖర్చు చేసేశాను. చివరికి మిషను ముందు కూర్చుని రీలు ఎక్కిస్తుంటే తట్టింది. దారం. దారం పేరుతో నేనెవరినీ తిట్టలేదు.

“దారం!” అని కోడిముక్క. “దారం!” అని కోడిముక్క. మూడు రోజుల్లో గుమాస్తా ఆ మాట వింటే ఇంట్లో ఏ మూలనున్నా దూసుకొచ్చేది. ఇబ్బంది ఏమిటంటే, “ఏమండీ, ఆ నల్లదారం ఇలా అందుకోండి” అన్నా వచ్చి ఒళ్ళో కూర్చునేది. ఊరికే పిలిచినట్టయితే ఈ మాటా చెడిపోతుందని మా అమ్మాయి హుకుం జారీ చేసింది. ఆ రెండు వారాలూ మా ఇంట్లో దారాన్ని దారం అనలేదు. ‘ఆ పొడుగాటిది’ అనుకున్నాం. ఒకావిడ తన బట్టకి ఏ రంగు పొడుగాటిది వేస్తున్నానో అర్థంకాక, అడగడానికి మొహమాటపడి వెళ్ళిపోయింది.

తాడు పట్టుకోవడం ఇంకో తంటా. మెట్ల దగ్గరికి వెళ్ళేసరికి నా పిడికిలి బిగుసుకుపోయేది. అది గుంజుకునేది, నేను ఇంకా బిగించేదాన్ని. “నువ్వు బిగిస్తే ముందేదో ప్రమాదం ఉందని దానికి చెప్పినట్టేనమ్మా,” అని మా అమ్మాయి పదిసార్లు చెప్పింది, తలకెక్కలేదు. పదకొండోసారి విసుగొచ్చి, “మిషనులో పైదారం మరీ బిగిస్తే ఏమవుతుంది?” అంది.

“కుట్టు ముడతలు పడుతుంది.”

“మరి?”

ఆ ‘మరి’తో నా చెయ్యి వదులైంది.

అన్నిటికంటే కష్టమైంది మాత్రం వేరే. పిలిస్తే ఒక్కసారే పిలవాలి. రాకపోతే ఆగాలి. మళ్ళీ పిలిచామా, మొదటి పిలుపుకి విలువ లేదని మనమే చెప్పినట్టు. పుట్టి బుద్ధెరిగాక నేనే మాటా ఒక్కసారి చెప్పి ఊరుకోలేదు. నోరు మూసుకుని నిలబడేసరికి నాకు చెమటలు పట్టేవి. గుండెలో ‘రారారా’ అని కొట్టుకుంటూ ఉండేది. గుమాస్తా వచ్చేది. ఆలస్యంగానైనా వచ్చేది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం వాన జోరుగా పడుతుంటే మా అమ్మాయికి ఫోను చేశాను. మామూలుగా అయితే బయల్దేరావా, గొడుగుందా, నీళ్ళు నిలిచాయా అని ఎనిమిదిసార్లు చేస్తాను. ఎనిమిదింట్లో అది ఒకటి ఎత్తుతుంది. ఆ రోజు మొదటిదానికే ఎత్తింది.

“ఊరికే చేశాను. నువ్వు నేర్పిన గిన్నె పాఠం గుమాస్తాకి వచ్చేసింది. చెబుదామని.”

“నాన్నకి ఏమైంది? నిజం చెప్పు!” అంది.

గిన్నె పాఠానికి మనుషులు కావాలి కదా. మొదట డెంటిస్టు గారు వచ్చారు, చేతిలో గొడుగుతో, తలుపు దగ్గర తడబడుతూ. తర్వాత టీచరమ్మ ఒక రోజు తెల్లకుక్కతో సహా దిగింది. “సిగ్గు లేకుండా వచ్చాననుకో వదినా,” అంది. “అనుకున్నాను. ఆ మూకుడు కింద పడెయ్యి,” అన్నాను. వారం తిరిగేసరికి పెరట్లో మళ్ళీ ఆరు కుక్కలు. వాన కురుస్తున్నా మేం గిన్నెలు పడేస్తూ, గొడుగులు విప్పుతూ, మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాం. సెక్రటరీ గారు కిటికీ ధన్ మని మూసేవారు. గుమాస్తా ఆ చప్పుడుకీ అలవాటు పడిపోయింది.

పరీక్ష ఆదివారం పొద్దున తొమ్మిదింటికి. వాన తెరిపిచ్చింది. భవనమంతా పెరట్లోనే ఉంది. బేకరీ అమ్మాయి వెనగ్గా, గోడవారన ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది, ఒళ్ళో కట్టు చెయ్యి.

మెట్లు అయ్యాయి. లిఫ్టు అయ్యింది. సెక్రటరీ గారు స్వయంగా గొడుగు గుమాస్తా మొహం మీదే విప్పారు. అది ఆవులించింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇక మిగిలింది ఒక్కటే.

దాన్ని ఆ చివర కూర్చోబెట్టి, తాడు విప్పి, నేను ఈ చివరికొచ్చి తిరిగాను.

“దారం!”

నవ్వులు. “ఏమిటీ?” అని ఎవరో. గుమాస్తా లేచింది, రెండడుగులు వేసి ఆగింది. దారి పొడుగునా నిలబడ్డవాళ్ళ చెప్పుల వరస ఉంది. నలభై మంది చెప్పులు. అంత పని ఒక్కసారి అది జన్మలో చూడలేదు. ముక్కు దించింది.

“మళ్ళీ పిలవండమ్మా,” అన్నారెవరో. “గట్టిగా పిలు,” అన్నారు మా ఆయన, నోరు జారి. సెక్రటరీ గారు గడియారం చూసుకున్నారు. నేను పెదవి కొరికి నిలబడ్డాను. మళ్ళీ పిలవను. ఒకసారి పిలిచాను, చాలు.

ఒక చెప్పు చూసింది. రెండోది చూసింది. తల ఎత్తి నన్ను చూసింది. తర్వాత మొత్తం తనిఖీ వదిలేసి, బురద చిమ్ముతూ ఒక్క పరుగున వచ్చి నా కాళ్ళ మీద పడింది. పెరడంతా చప్పట్లు. మిగతా ఐదు కుక్కలూ ఒక్కసారి మొరిగాయి. టీచరమ్మది అన్నిటికంటే పై స్థాయిలో.

సెక్రటరీ గారు చప్పట్లు ఆగేదాకా ఆగి ఫైలు తెరిచారు. “సంతోషం. పరీక్ష బాగా జరిగింది. అయితే ఫిర్యాదు ఫిర్యాదే. బేకరీ అమ్మాయి చెయ్యి విరిగిన మాట వాస్తవం, ఆవిడకి భయమన్న మాట వాస్తవం. ఆవిడ భద్రత కోసం కుక్కని తొలగించాలన్న తీర్మానం నిన్ననే టైపు చేయించాను.”

నిన్ననే. మా అమ్మాయి మొహం పాలిపోయింది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు, పోదాం పద అన్నట్టు. నేను విడిపించుకుని గోడవారకి నడిచాను, కుక్కని టీచరమ్మ దగ్గర వదిలి. బేకరీ అమ్మాయి కుర్చీలో నిటారుగా కూర్చుంది.

“అమ్మాయ్, ఆ రోజు కుక్క నీ మీదకి రాలేదు. నేను పిలిచిన పిలుపుకి బెదిరి కిందకి దిగింది. ‘రా’ అంటే చివాట్లే అని ఏడాదిగా దానికి నేర్పింది నేను. ఈ సంగతి నాకు రెండు వారాలుగా తెలుసు. నీతో చెప్పడానికి భయపడ్డాను. నీ చెయ్యి విరిగింది నా వల్ల.”

“ఇది రికార్డులో...” అని సెక్రటరీ గారు మొదలెట్టారు.

“మీరుండండి,” అన్నాను, తల తిప్పకుండానే. “మీరు టైపు చేయించిన కాగితానికి నేను కుక్కని పంపను. నీళ్ళు ఆపుకోండి, లిఫ్టు ఆపుకోండి. ఇంకో కాగితం ఇస్తే ఇంకో కాలరు కత్తిరిస్తాను. ఎవరి భయమైనా వాళ్ళ నోటితోనే వింటాను, మీ ఫైల్లోంచి కాదు.” అప్పుడు ఆ పిల్లని అడిగాను. “నువ్వు వద్దంటే దానితో సహా మేం నలుగురం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతాం. గుమాస్తా ఉండాలా, వెళ్ళాలా? నువ్వు చెప్పు.”

ఒక్కసారే అడిగాను.

ఆ పిల్ల ఏమీ అనలేదు. నా నోట్లో వంద మాటలు తోసుకొచ్చాయి. నా బిడ్డ లాంటిదానివి. పెద్దమనసు చేసుకో. కావాలంటే రోజూ నీకు వంట చేసి పెడతాను. తాడు కురచ చేస్తాను. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. మా అమ్మాయి దూరం నుంచి తల అడ్డంగా ఊపింది, వద్దు, ఆగు అని. పై అంతస్తు చూరు నుంచి నీళ్ళు చుక్కచుక్కగా కారుతున్నాయి. ఎవరి పిల్లో ఏడిస్తే తల్లి నోరు మూసింది. సెక్రటరీ గారు ఫైలు మూశారు, తెరిచారు.

ఆ పిల్ల కట్టు అంచున లేచిన పోగుని ఎడమ చేత్తో నొక్కింది. గుమాస్తా వంక చూసింది, చాలాసేపు. తర్వాత నా వంక.

“లిఫ్టులో మాత్రం నాతో పాటు ఎక్కించొద్దక్కా,” అంది.